సల్లదనం పారిపోకుండా

కూకో వదినా, కూకో. నీ కూతురు బ్యాగు సర్దుకుంటే సర్దుకోనీ, నాను అడ్డం రాను. కానీ దాన్ని తీసుకెల్లిపోయే ముందు ఈ ఫ్రిజ్జు సంగతి తేల్చేసి మరీ ఎల్లు. కొత్తది వదినా! అది దిగిన అట్టపెట్టె ఇంకా అటక మీదే ఉన్నాది. కొత్తది ఇన్నిపాల్లు ఆగిపోతాదా? ఎవులో ఆపకపోతే దానంతటది ఎలాగ ఆగుతాది?

టీ తాగు, సల్లారిపోతంది. పంచదార సాలనేదా? మరి మొకం అలాగెట్టినావేటి?

తెలుసులే. ఫోన్లో అంతా ఊదేసుంటాది. పెరట్లో మొకం అటు తిప్పుకుని గుసగుసలాడతంటే సూస్తనే ఉన్నాను. శృంగవరపుకోట నించి పొద్దున్నే బస్సెక్కి ఇంత దూరం ఊరికే వస్తావా? "అత్త నన్ను అనరాని మాట అన్నాదమ్మా" అని ఏడ్సుంటాది. అన్నానులే. ఏదో నోరు జారినాను. ఏ ఇంట్లో అత్త నోరు జారదు? ఆ మాట తరవాత సెప్పుకుందాం. ముందు ఫ్రిజ్జు.

ఇను. సెవి పెట్టి ఇను. గుర్రుమంటంది గదా? నువ్వొచ్చినావని బుద్ధిగా ఆడతంది. సుట్టాల ముందర ఎంత నటనో! నువ్వటు తిరిగితే సూడు, టక్కున ఆగిపోతాది.

నాకు ముందల ఆ విజీనారం కొట్టోడి మీదే అనుమానం. ఎవులో తిప్పి పంపించేసిన సరుకు తుడిసి మాకంటగట్టినాడేమోనని. తలుపు తీసి వాసన సూసినాను. నా ముక్కుకి తెలీకుండా ఏదీ దాగదు వదినా, నిన్నటి సేపో మొన్నటి సేపో దూరం నించే సెప్పీగలను. కొత్త వాసనే వచ్చినాది. సరే, కొట్టోడు దొంగోడు కాదు అనుకున్నాను.

తరవాత ఆ పక్కింటి తులసి. వచ్చినాది, తలుపు తీసినాది, మూసినాది, మళ్ళీ తీసినాది. "ఎంత బాగున్నాదో దాలమ్మత్తా, లోపల దీపం కూడా ఎలుగుతంది" అన్నాది. ఆ సాయంత్రమే ఆగిపోనాది. అందుకే ఆ పిడికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టినాను. అదేటో అని సూస్తన్నావు గదా ఇందాకట్నించి? తులసి కళ్ళ కోసం.

కట్టినా ఆగిపోనాది.

అప్పుడు రిపేరోడిని పిలిసినాం. త్రినాథ్ అని, భోగాపురం నించి బండి మీద వస్తాడు. ఆడొస్తన్నాడని ఫోను రాగానే నాను ఫ్రిజ్జు మీద బొంత తీసి పెరట్లో పడేసినాను, నిమ్మకాయ కూడా ఇప్పేసినాను. మరి పరాయోడి ముందర సేపల కంపు కొట్టే పాత బొంతేటి, అసయ్యంగా? ఇల్లు తుడిసినాను, ఫ్రిజ్జు తుడిసినాను. ఆడొచ్చేసరికి ఏటైనాదో తెలుసా? సక్కగా ఆడతంది! గుర్రు గుర్రు గుర్రు. ఆడు అటు తట్టి, ఇటు తట్టి, "అంతా బాగానే ఉంది గదమ్మా" అని నా వైపు సూసిన సూపు ఉన్నాది సూడు, నానేదో అబద్ధం సెప్పి పిలిపించినట్టు!

ఆడలాగ ఎల్లగానే బొంత కప్పేసి, నిమ్మకాయ మళ్ళీ కట్టేసి అన్నం తినడానికి కూకున్నాను. సెయ్యి కడుక్కునేలోపల మళ్ళీ ఆగిపోనాది.

మళ్ళీ పిలిసినాం. మళ్ళీ బాగానే ఆడతంది. ఈపాలి ఆడేటన్నాడంటే, "గోడకి దగ్గరగా ఉంది, జరపండి, దీనికి గాలాడాలమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చినాది వదినా. గాలాడాలంట! సల్లగా ఉండాల్సిన దానికి గాలెందుకు? ఐసు పెట్టి మూత తీసి గాలికి ఒగ్గేస్తే ఎంతసేపుంటాది, నువ్వే సెప్పు. అప్పుడు నాకు ఆడి మీద కూడా అనుమానం పట్టినాది. కావాలనే తప్పుడు సలహా ఇచ్చి, మళ్ళీ మళ్ళీ పిలిపించుకుందామని సూస్తన్నాడు. గోడ నించి కూసింత జరిపినట్టు జరిపి, ఆడెల్లగానే సుట్టూ బొంత ఇంకా గట్టిగ దోపినాను.

ఆ బొంతేటి అంటావా? అదే వదినా, ఇప్పుడు దాని మీదున్నదే. నీ దగ్గర నాకు మొగమాటమేటి, అయినోళ్ళం, అందుకే తియ్యనేదు. రెండు గోనెలు, మధ్యన పాత సీరలు, నా సేత్తో కుట్టుకున్నాను. ఎన్నేళ్ళో నా ఐసు పెట్టి మీద ఉన్నాది. మీరు పొలం పనులోళ్ళు, మీకు తెలీదు. ఐసు గడ్డ తెచ్చి, ఊక పోసి, ఈ బొంత కప్పినానంటే, మండుటెండలో విజీనారం బజారుకెల్లినా నా వంజరం సేప కళ్ళు తేటగా మెరిసీవి. మిగతా ఆడోళ్ళ పెట్టిల్లో నీళ్ళు మిగిలితే, నా పెట్టిలో ఐసు మిగిలేది. "దాలమ్మ సేప ఇప్పుడే ఒడ్డున పడినట్టుంటాది" అని పేరు నాకు. ఆ పేరు ఈ బొంతది. కప్పితే సల్లదనం పారిపోదు. అది మా అమ్మ నాకు నేర్పినాది.

నీ కూతురికి అది నచ్చదు. "అత్తా, ఆ బొంత తీసీండి, వాసనొస్తంది" అంటాది. వాసనొస్తాదంట! ఆ వాసన మీదే గదా నా కొడుకు పెరిగినాడు? ఈ ఇంటికి రాకముందు తెలీదా, సేపలోళ్ళ ఇంటికెల్తన్నానని? ఇష్టపడి సేసుకున్నాది గదా?

కోప్పడకు. ఉన్నది సెప్తన్నాను. ఫ్రిజ్జులో నా సేపల్ని కింద అరలో మూత డబ్బాలో పెట్టాలంట. పైన అరలో దాని పెరుగు, దాని ఇడ్లీ పిండి. ఒకే ఇల్లు, ఒకే ఫ్రిజ్జు, అందులో పైనా కిందా. నానేటనలేదు. నోరు మూసుకునే ఉన్నాను. ఎందుకంటే నడిమి అరలో మందున్నాది.

అవును, ఆ మందే. నీకు తెలుసు గదా, పిల్లల కోసం పెద్ద డాక్టరమ్మ రాసిన ఇంజక్షన్లు. ఈ ఫ్రిజ్జు కొన్నదే దాని కోసం. "సల్లగా ఉంచాల, ఏడి తగిల్తే పనికిరాదు" అని నర్సమ్మ ఒకటికి రెండుపాల్లు సెప్పినాది. వినోదు బోటెక్కే ముందు నా సేతులట్టుకుని, "అమ్మా, ఆ మందు జాగ్రత్త" అన్నాడు. పెళ్ళాంతో కాదు వదినా, నాతో అన్నాడు. సల్లగా ఉంచడమంటే అమ్మ తరవాతే ఎవులైనా అని ఆడికి తెలుసు.

ఆ మందే పాడైపోనాది.

మొన్న పొద్దున్న తలుపు తీసేసరికి లోపలంతా గోరెచ్చగా ఉన్నాది. ఐసు ట్రేలో నీళ్ళు. మందు పెట్టి ముట్టుకుంటే మన ఒంటి మీద సెయ్యేసినట్టున్నాది. ఆస్పత్రికి ఫోను సేస్తే, "అది వాడకండి, ఈ నెలకి ఇంక కుదరదు, మళ్ళీ మొదటి నించీ" అన్నారంట. నీ కూతురు కింద కూలబడి ఏడ్సినాది. నాను నిలబడి సూసినాను. ఆ ఏడుపు నిజమా దొంగదా అని సూసినాను.

అలాగ సూడకు. నాకెందుకు అనుమానం వచ్చినాదో సెప్తాను, ఇను. ఓ రోజు నాను రేవుకెల్లి వచ్చేసరికి బొంత తీసేసి, మడతెట్టి, బైట అరుగు మీద పడేసినాది. ఆ రోజల్లా ఫ్రిజ్జు ఆగితే ఒట్టు! సాయంత్రం దాకా సక్కగా ఆడినాది. నాను గొడవాడి మళ్ళీ కప్పినాను. కప్పినాక ఆగిపోనాది. దానర్థమేటి? దాని మాట నెగ్గితే ఫ్రిజ్జు ఆడతాది, నా మాట నెగ్గితే ఆగిపోతాది. మనిసి సెయ్యి నేకుండా అలాగ జరుగుతాదా? కోపం వచ్చినప్పుడల్లా స్విచ్చి నొక్కేస్తందని నాకు అప్పుడే...

ఉండు.

ఇన్నావా? టక్! ఇదిగో! ఆగిపోనాది! సెప్పినానా నేదా? కుమారీ! ఒసే కుమారీ! మీ అమ్మ కూకుని ఉండగానే ఎంత దైర్నమే నీకు!

ఏటి?

అవును. పెరట్లోనే ఉన్నాది. తీగ మీద బట్టలు తీస్తంది. ఇక్కడికి కనబడతందిలే.

మరి స్విచ్చి... వేసే ఉన్నాది. తలుపు తీసి సూడు, లోపల దీపం ఎలుగుతంది. కరెంటూ ఉన్నాది, ఫ్యాను తిరగతంది గదా. మరెవులు ఆపినారు? నువ్వేం ఆపనేదు, నానేం ఆపనేదు.

బయట నించి ఏదో సేసుంటాది. ఏటో! ఈ కాలం పిల్లలు ఫోను నొక్కి అన్నీ సేస్తారంట గదా? కాదని తలూపకు వదినా. నీ కూతురని ఎనకేసుకురాకు. నా దగ్గర ఇంకో రుజువున్నాది. ఇది ఇన్నావంటే నువ్వింక మాటాడలేవు.

ఆమధ్యన మీ ఊళ్ళో అమ్మోరి పండగని ఇది మీ ఇంటికొచ్చి ఉన్నాది గదా? ఆ వారమంతా ఈ ఫ్రిజ్జు ఒక్కపాలి ఆగనేదు! ఒక్కపాలంటే ఒక్కపాలి! మా ఇలవేల్పు మీద ఒట్టు. రాత్రీ పగలూ గుర్రుమంటనే ఉన్నాది. ఐసు రాయిలాగ కట్టినాది. ఇది ఎల్లినాది, ఫ్రిజ్జు బాగుపడినాది. ఇది వచ్చినాది, ఫ్రిజ్జు ఆగిపోనాది. ఇంకేటి కావాల? సిన్నపిల్లకైనా అర్థమైపోతాది గదా? ఇంట్లో నాను కూడా ఉండేదాన్ని కాదు ఆ వారం, ఎవులూ ముట్టుకునేవోళ్ళే నేరు. ఈమధ్య బజారుకెల్లడం తగ్గించీసినా, అప్పుడు సంద్రం ఇరగ కాసినాది, కానాగంత సేపలు గుట్టలు గుట్టలు పడినాయి. సీకటితోనే పెట్టి నింపుకుని, ఊక పోసుకుని, బొంత కప్పుకుని విజీనారం...

బొంత కప్పుకుని.

అవును, పెట్టి మీద. మరి ఐసు పెట్టి మీద కప్పకుండా ఎలాగ ఎల్తాను? ఈ బొంతే. నాకు రెండు బొంతలెక్కడివి. వచ్చినాక తడిగా ఉండేది, అరుగు మీద ఆరేసీదాన్ని. మళ్ళీ తెల్లారితే పెట్టి మీదకే.

ఫ్రిజ్జు మీద నేదు. ఆ వారమంతా నేదు.

కాదు వదినా. అలాగెలాగ? అలాగైతే... త్రినాథ్ వచ్చినప్పుడు తీసేసినాను. అరుగు మీద పడేసినాదని సెప్పినాను గదా, ఆ రోజు... కాదు, కాదు. కప్పితే సల్లదనం నిలుస్తాది. నిలవాల. ఇన్నేళ్ళు నిలిసినాది గదా? ఐసుకి నిలిసినాది ఫ్రిజ్జుకెందుకు నిలవదు?

ఎందుకు లేసినావు? ముట్టుకోకు. నాను తీస్తాను.

అమ్మా! పక్కలు సూడు, ఎలాగ కాలతన్నాయో. జొరమొచ్చిన పిల్లలాగ. ఇదివరకు కూడా ఇలాగే కాలీవి. లోపల ఏడన్నం పెట్టేసినాదేమోనని దాన్నే తిట్టీదాన్ని. తిట్టి, ఇంకా గట్టిగ కప్పీదాన్ని. ఏడి లోపల్నించి బైటికి పంపిస్తంది కాబోలు ఇది. ఐసు గడ్డకి పని నేదు, ఊరికే పడుంటాది. ఇది పని సేస్తంది. మనలాగే. పని సేసే మనిసి మీద ఎండలో గోనె కప్పితే ఏటవుతాది?

గాలాడాలమ్మా అని ఆ పిల్లోడు సెప్పినాడు. ఇన్నానా?

కూకో వదినా. కాసేపు ఆగి సూద్దాం. బొంత తీసి కాసేపుంటే... ఆడుతాదేమో. ఆడకపోతాదేమో. ఆడకపోతే వేరే ఏదో ఉన్నట్టే గదా, అవునా? ఏటో మాటాడు.

ఆ మందు సల్లగుండాలనే కప్పినాను. నిజంగా. ఈ ఇంట్లో ఓ పసిగుడ్డు పాకాలని నాకు ఆశ నేదా? రేవు నించి వస్తంటే అందరి ఇళ్ళ ముందల సిన్న సిన్న లాగూలు ఆరేసి ఉంటాయి. మా తీగ మీద మట్టుకు పెద్దోళ్ళ బట్టలే. పడుకునే ముందు బొంత అంచులు దోపుతూ దండం పెట్టుకునీదాన్ని. నీకు నవ్వు రావచ్చు. ఫ్రిజ్జుకి కాదు, ఆ సిన్న సీసాలకి.

నా సేత్తోనే ఉడికించేసినాను, వదినా.

నోరు జారినానని సెప్పినాను గదా ఇందాక? జారనేదు. దాచినాను నీ దగ్గర. దాన్ని నానేటన్నానో ఫోన్లో అది నీకు సెప్పినాదో నేదో. సెప్పుండదు. అలాటి మాట తల్లికి కూడా సెప్పుకోలేరు. అది కింద కూకుని ఆ సీసాలు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తంటే, నాను దాని ముందల నిలబడి, "నీకు పిల్లలక్కర్లేదు. సేపలోళ్ళ పిల్లని మొయ్యడం నీకు ఇష్టం నేదు. అందుకే ఈ మందు నువ్వే సంపేసినావు" అన్నాను.

సంపేసినావు అన్నాను వదినా. మందుని అంటారా ఆ మాట?

అది ఏడుపు ఆపేసినాది. నా మొకంలోకి సూసినాది. లేసి, సీసాలు ఆ సంచిలో ఏసుకుని, మొకం కడుక్కుని వంట సేసినాది. నాకు అన్నం కూడా పెట్టినాది. ఆ తరవాత నాతో మాటాడనేదు.

నన్ను తిట్టు. మీ పక్క ఆడోళ్ళు తిట్టరా ఏటి? తిట్టు, ఫర్వానేదు.

ఇంకో మాట సెప్పనా? ఇప్పుడీ ఫ్రిజ్జు సప్పుడు కోసం సెవులు రిక్కించి కూకున్నాను గదా. ఆడకూడదని మొక్కుతన్నాను. ఆడకపోతే తప్పు ఇంకా దాని మీద ఉంటాది గదా, అందుకు. సూసినావా నా బుద్ధి! నా కొడుకు నడిసంద్రంలో ఉన్నాడు, ఫోను అందదు. ఆడు ఒడ్డెక్కి ఇంటికొచ్చేసరికి ఈ పిల్ల గుమ్మంలో ఉండకపోతే ఆడేటైపోతాడో నాకు తెలుసు. తెలిసి కూడా, తప్పు నాది కాకుండా ఉంటే సాలని మొక్కుతన్నాను.

ఆగు. ఏటది?

గుర్...

ఆడతంది.

ఎంత బాగా ఆడతందో. నిదానంగా, ఏ బాధా నేనట్టు. ఏటి సేస్తాం. ఆడనీ.

ఈ బొంత ఇంక నా కళ్ళకి కనబడకూడదు. పెరట్లో పడేస్తాను. తులసి అడిగితే తులసికిచ్చేస్తాను. ఇలా పట్టుకో వదినా ఆ మూల. వద్దులే, నీ సీరకి వాసన అంటుకుంటాది.

అదిగో, లోపల బ్యాగు జిప్పు సప్పుడు. అయిపోనాది సర్దుకోవడం.

నువ్వు సెప్పు దానికి. తల్లివి, నువ్వు సెప్తే ఇంటాది. కాదు... నువ్వు కాదులే. అన్నది నాను. కుమారీ! ఒసే... అమ్మా కుమారీ! ఫ్రిజ్జు ఆడతందే! నువ్వేం సెయ్యనేదు, నాకు తెలిసినాది. బొంత... నా బొంతే తల్లీ. ఓపాలి ఇటొచ్చి ఇను. బ్యాగు సేతిలోనే ఉంచుకో, కింద పెట్టకపోయినా ఫర్వానేదు. వచ్చి ఇని ఎల్లు.

ఇనబడలేదంటావా?

ఇనబడుంటాది. ఎంత ఇల్లు ఇది.

పోనీలే వదినా. పిలవకు, నువ్వు మళ్ళీ పిలవకు. మా అత్త నన్ను అలాటి మాట అనుంటే, నానైనా రాను.